వేడినీటి లైన్ మొదలుపెట్టే ముందు: ఒక్క గేజ్ చూసి సరిపెట్టుకోకండి

పైపులో 180 డిగ్రీల నీరు ఇంకా నీరుగానే ఉందంటే అంతా ప్రెషర్ చలవే. దాన్ని మరగనివ్వకుండా పట్టి ఉంచడానికి గేజ్ మీద 9 బార్ (ప్రెషర్ కొలత) కావాలి. 150 డిగ్రీలకైతే 3.8 చాలు. అంతకు తగ్గిన చోటల్లా నీరు ఆవిరైపోతుంది.

చాలామంది బాయిలర్ గదిలో గేజ్ చూసి ఊరుకుంటారు. చూడాల్సింది లైన్ మొత్తంలో ప్రెషర్ అన్నిటికన్నా తగ్గే చోటు. లెక్క వేసి చూడండి. పంప్ దాటాక 11 బార్, నీరు 180 డిగ్రీలు అనుకుందాం. లైన్ 15 మీటర్లు పైకెక్కితే 1.3 బార్ పోతుంది. రాపిడికి, బెండ్లకు ఇంకో బార్. పైన మిగిలింది 8.7. కింద గేజ్ నిక్షేపంగా ఉంటుంది, పైన ఆవిరి పుడుతుంటుంది! పైగా ప్రవాహం 20 శాతం పెంచితే రాపిడి నష్టం 44 శాతం పెరుగుతుంది. కాబట్టి ఎత్తైన చోట ఒక గేజ్ పెట్టించండి. ఖర్చని వెనకాడితే తర్వాత పైపులే మార్చాల్సి వస్తుంది.

పంప్ సక్షన్ (నీరు లోపలికి పీల్చుకునే వైపు) దగ్గర స్ట్రైనర్, అంటే చెత్త పట్టే జాలి, విప్పి కడగండి. అది పూడుకుపోతే నీరు పంప్ లోపలే ఆవిరవుతుంది, గులకరాళ్లు దొర్లినట్టు చప్పుడొస్తుంది. కంట్రోల్ వాల్వ్ దాటిన చోటా అదే భయం. సగానికి మూసిన వాల్వ్ దగ్గర ప్రెషర్ ఎంత పడిపోతుందో బయటికి తెలియదు.

పంప్ ట్రిప్ అయితే, అంటే దానంతట అదే ఆగిపోతే, ముందు బాయిలర్ మంట ఆపాలి. కంగారుపడి వెంటనే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఈలోగా పైన ఆవిరి జేబు కట్టి ఉంటే, నీరు తోసుకొచ్చేసరికి అది ఒక్కసారిగా కుప్పకూలుతుంది. వాటర్ హ్యామర్ అంటే అదే. సపోర్టులు ఊడొస్తాయి, గాస్కెట్లు చిరుగుతాయి. లైన్‌లో ప్రెషర్ నిలబెట్టే నైట్రోజన్ సరిపడా ప్రెషర్‌లో ఉందని, వేడి తగ్గిందని చూసుకుని, బైపాస్ (పక్కదారి పైపు) వాల్వ్ కొద్దికొద్దిగా తెరిచి నింపండి.

లైన్ ఆపేటప్పుడు ముందు వేడి దించండి, ఆ తర్వాతే ప్రెషర్. తారుమారైతే లైనంతా మరుగుతుంది.

చుక్కలుగానే కారుతోంది కదా అని ఫ్లాంజ్ (పైపుల అతుకు) బోల్టు బిగించబోకండి. 180 డిగ్రీల నీరు బయటికొస్తే అందులో దాదాపు 15 శాతం ఆ క్షణమే ఆవిరవుతుంది, మిగతాది 100 డిగ్రీల నీరై మీద పడుతుంది. ఆ భాగాన్ని వాల్వులు మూసి మిగతా లైన్ నుంచి వేరుచేసి, చల్లార్చి, ప్రెషర్ సున్నాకు వచ్చాకే స్పానర్ పట్టండి.