చార్ట్ తప్పుగా వస్తోందా? ముందు టేబుల్ చూడండి

యాప్‌షీట్, గ్లైడ్, బబుల్ లాంటి టూల్స్‌తో కోడ్ రాయకుండా చేసుకునే యాప్‌లో చార్ట్ పెట్టడం రెండు నిమిషాల పని. యాప్‌షీట్‌లో అయితే కొత్త వ్యూ (అంటే యాప్‌లో ఒక స్క్రీన్) తీసుకుని, ఏ టేబుల్‌దో చెప్పి, వ్యూ టైప్ దగ్గర చార్ట్ ఎంచుకుంటే సరి. గ్లైడ్‌లో స్క్రీన్ మీద చార్ట్ కాంపొనెంట్ చేర్చాలి, బబుల్‌లో ముందు చార్ట్ ప్లగిన్ (అదనంగా చేర్చుకునే ముక్క) వేసుకోవాలి. ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది ఉండదు. వచ్చిన బొమ్మ చూశాకే "ఇదేంటి ఇలా వచ్చింది" అని తల పట్టుకుని చార్ట్ రకాలు మార్చి మార్చి చూస్తాం, కానీ తప్పు చాలాసార్లు టేబుల్‌లోనే ఉంటుంది.

ఖర్చుల యాప్ ఒకటి చేస్తున్నారనుకోండి. టేబుల్‌లో తేదీ, ఖర్చు రకం, మొత్తం అని మూడు కాలమ్‌లు. ముందు వాటి టైప్ చూడండి. మొత్తం అనే కాలమ్ నంబర్‌గా కాకుండా టెక్స్ట్‌గా పడి ఉంటే యాప్ దాన్ని కూడలేదు, పైగా వరస పెట్టమంటే 2 కంటే ముందు 10 వస్తుంది, ఎందుకంటే అది విలువ చూడదు, మొదటి అక్షరం చూస్తుంది. నెలల పేర్లదీ ఇదే గొడవ: ఇంగ్లీషులో రాసి పెట్టుకుంటే ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి అని అక్షర క్రమంలో వస్తాయి! నేనైతే తేదీ నుంచి ఫార్ములాతో ఇంకో కాలమ్ తీసి, ఏడాది ముందు, నెల తర్వాత, 2025-03 లాగా పెట్టుకుంటాను. ఇది టెక్స్ట్ అయినా వరస తప్పదు, మధ్యలో ఆ సున్నా మాత్రం మర్చిపోకండి.

ఒకసారి నా చార్ట్‌లో ఒక బార్ మిగతావన్నీ కలిపినంత పొడుగు వచ్చింది. గంటసేపు సెట్టింగ్‌లు తిప్పాను. చివరికి చూస్తే, టేబుల్ ఉన్న షీట్ అడుగున నేనే ఎప్పుడో వేసుకున్న కూడిక వరసని (రో) కూడా యాప్ ఒక ఖర్చుగా తీసుకుంది. యాప్‌కి ఇచ్చే షీట్‌లో కూడికలు, హెడ్డింగ్‌లు, ఖాళీ వరసలు ఉంచకూడదని ఆ రోజు బుద్ధొచ్చింది.

తర్వాత, దేన్ని లెక్కపెట్టాలో చెప్పాలి. యాప్‌షీట్‌లో దీన్ని గ్రూప్ అగ్రిగేట్ అంటారు. కౌంట్ పెడితే ఎన్నిసార్లు ఖర్చయిందో, సమ్ పెడితే ఎంత ఖర్చయిందో వస్తుంది. రెండూ బార్‌లే, చూడటానికి ఒకేలా ఉంటాయి, అందుకే చార్ట్ పేరులోనే "నెలవారీ మొత్తం ఖర్చు" అని రాసేయండి.

ఇక ఏ చార్ట్ అంటే, ఈ బొమ్మ ఏ ప్రశ్నకి జవాబు చెప్పాలో ఒక్క వాక్యంలో రాసుకోండి, రకం దానంతటదే తేలుతుంది. కాలంతో పాటు పెరిగిందా తగ్గిందా అంటే లైన్. ఏది ఎక్కువ ఏది తక్కువ అంటే బార్, పేర్లు పొడుగైతే అడ్డంగా పెట్టండి, ఫోన్‌లో నిలువు బార్‌ల కింద పేర్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండు అంకెల మధ్య సంబంధం చూడాలంటే స్కాటర్, అంటే చుక్కల చార్ట్. జవాబు ఒక్క అంకే అయితే చార్ట్ ఎందుకండీ, ఆ అంకెనే పెద్దగా చూపించండి.

ముక్కలుగా కోసిన గుండ్రటి బొమ్మ, అదే పై (pie) చార్ట్, దాని సంగతికొస్తే, అందరికీ మొదట చెయ్యి దాని మీదకే పోతుంది. విలియం ప్లేఫెయిర్ 1801లో వేసిన బొమ్మ అది, అప్పటికే 1786లో ఆయన బార్ చార్ట్ వేసేశాడు. 1984లో క్లీవ్‌లాండ్, మెక్‌గిల్ అనే ఇద్దరు జనంతో పరీక్షించి చూస్తే కోణాల కంటే ఒకే గీత మీద నిలబెట్టిన పొడవుల్నే మనుషులు తక్కువ తప్పులతో పోల్చగలిగారు. అందుకని ముక్కలు మూడు నాలుగే ఉండి, అన్నీ కలిపి ఒక మొత్తం అయినప్పుడు తప్ప నేను పై చార్ట్ జోలికి పోను. పది రకాల ఖర్చులుంటే చిన్నవన్నీ ఇతరాలు అనే ఒక్క బార్‌లో వేయండి.

బార్ అయితే స్కేల్ సున్నా నుంచే మొదలవ్వాలి, లేకపోతే, ఉదాహరణకి 90 నుంచి మొదలైతే, 95 పక్కన 100 రెట్టింపులా కనిపిస్తుంది. లైన్‌కి ఆ పట్టింపు లేదు కానీ వేరే చిక్కుంది: ఏ నెలలోనైనా ఒక్క వరస కూడా లేకపోతే చాలాసార్లు అక్కడ సున్నా రాదు, ఆ నెలే మాయమై ముందు నెలని తర్వాతి నెలకి గీత కలిపేస్తుంది. నెలలన్నీ ఉన్న చిన్న టేబుల్ ఒకటి వేరేగా చేసి, దాని నుంచి చార్ట్ తీస్తే ఇది పోతుంది.

యాప్ పది మందికి ఇస్తుంటే ఒక మాట. యాప్‌షీట్‌లో స్లైస్ పెట్టి కొన్ని వరసలు దాచినంత మాత్రాన అవి భద్రం కాదు, డేటా ఫోన్‌లోకి వెళ్తూనే ఉంటుంది. దాచాల్సినవాటికి, అసలు ఫోన్‌లోకే వెళ్లనివ్వని సెక్యూరిటీ ఫిల్టర్ పెట్టాలి.

అంతా అయ్యాక ఏదో ఒక బార్ తీసుకుని దాని వరసల్ని కాలిక్యులేటర్‌తో కూడి చూడండి. కలిస్తే పంపించేయండి, కలవకపోతే మళ్లీ షీట్ అడుగున ఏముందో చూడండి.