లెట్యూస్ డబ్బాను మళ్లీ నిండా నింపకండి

మట్టి లేకుండా లెట్యూస్ పెంచే కొత్తవారు తరచూ చేసే పొరపాటు ఒకటుంది. నీళ్లు తగ్గాయని కంగారుపడి డబ్బాను మళ్లీ అంచుదాకా నింపేస్తారు. నేనూ అదే చేసి, ఏపుగా ఉన్న మొక్కను చేజేతులా పాడుచేసుకున్నాను.

పంపు అవసరం లేని క్రాట్కీ పద్ధతిలో, మొక్క నీళ్లు తాగేకొద్దీ పైన ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో పెరిగే వేళ్లు గాలి పీల్చుకోవడానికి అలవాటుపడతాయి. వాటిని ముంచితే ఊపిరాడక కుళ్లిపోతాయి. నీళ్లు మరీ అడుగుకు చేరితే కొద్దిగా పోయవచ్చు, కానీ పై వేళ్లు మునగకూడదు. మొదటి రోజు మాత్రం నీటిమట్టం, మొక్కను నిలబెట్టే జాలీ కప్పు అడుగును తాకాలి, లేకపోతే లేత వేళ్లకు తడి అందదు.

ఒక్కో మొక్కకు 4 లీటర్ల డబ్బా చాలు. వెలుతురు సోకితే నాచు పడుతుంది కాబట్టి డబ్బా చుట్టూ అల్యూమినియం రేకు చుట్టండి. నల్ల కవరైతే ఎండలో నీళ్లు వేడెక్కుతాయి, లెట్యూస్‌కు అది అసలు గిట్టదు. నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య ఉండాలి. నీళ్లలో మొక్కకు కావలసిన పోషకాలు కలిపాకే కొలవండి, ముందే కొలిస్తే ఆ శ్రమంతా దండగ.

విత్తనాన్ని, మట్టికి బదులు వాడే స్పాంజిలో లోతుగా దూర్చకండి. పైపైన ఉంచితేనే బాగా మొలుస్తుంది.