ఎండోస్కోపీ మళ్ళీ చేయించుకోవాలా? ముందు పాత రిపోర్టు తీయండి

కడుపుబ్బరం, పుల్లటి తేన్పులు, నాలుగు ముద్దలు తినగానే నిండిపోయినట్టు ఉండటం, ఏళ్ల తరబడి ఇదే గోల. ఎప్పుడో చేయించిన ఎండోస్కోపీలో (నోట్లోంచి కెమెరా గొట్టం వేసి కడుపు లోపల చూసే టెస్టు) "నార్మల్" అనో "ఆంట్రల్ గ్యాస్ట్రైటిస్" (జీర్ణాశయం చివరి భాగంలో వాపు) అనో రాశారు, బాధ మాత్రం పోలేదు. ఇంట్లోవాళ్ళేమో ఇంకోసారి చేయిస్తే పోలా అంటారు. సరే, చేయించే ముందు ఒక్కటి ఆలోచించండి. ఈసారి ఏదైనా కనిపిస్తే వైద్యం ఏం మారుతుంది, ఏమీ కనిపించకపోతే ఏం మారుతుంది? రెండింటికీ అవే మాత్రలు, అదే తిండి అని డాక్టర్ చెప్తే ఆ టెస్టు వల్ల మీకు ఒరిగేదేమీ లేదు.

కొన్ని లక్షణాలు ఉంటే మాత్రం ఈ లెక్కలేవీ వేయకండి, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి: కారణం లేకుండా బరువు తగ్గడం, మింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, మలంలో రక్తం, తారులా నల్లటి విరేచనం (ఐరన్ మాత్రలు వాడినా నల్లగా వస్తుంది, ఆ సంగతి కూడా చెప్పండి), రక్తం తగ్గిపోవడం, నిద్రలోంచి లేపే విరేచనాలు. పాత రిపోర్టు నార్మల్‌గా ఉన్నా సరే, ఇవి కొత్తగా మొదలైతే అది వేరే కథ.

అవేవీ లేవనుకుంటే పాత ఫైలు ముందేసుకోండి. చాలామంది చివరి లైను ఒక్కటే చదివి పక్కన పెట్టేస్తారు. అప్పుడు బయాప్సీ (ల్యాబ్‌లో పరీక్షకు లోపలి నుంచి తీసే చిన్న ముక్క) తీశారా, దాని రిపోర్టు ఏది, టెస్టు రోజున మీరు ఏ మాత్రలు వాడుతున్నారు, ఇవి చూడాలి. ఎందుకంటే మళ్ళీ చేయాల్సి రావడానికి గట్టి కారణం చాలాసార్లు మొదటి టెస్టు సరైన పరిస్థితిలో జరగకపోవడమే.

హెచ్.పైలోరి విషయంలో ఇది బాగా తెలుస్తుంది. కడుపులో పుండ్లకు కారణమయ్యే బ్యాక్టీరియా ఇది, దీన్ని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ వచ్చింది. మనలో చాలామంది పొద్దున్నే పరగడుపున వేసుకునే పాంటోప్రజోల్, రాబిప్రజోల్, ఒమెప్రజోల్ మాత్రలు ఈ బ్యాక్టీరియాను చంపవు గానీ దాని జోరు తగ్గించి టెస్టుకు దొరక్కుండా చేస్తాయి. అలా నెగెటివ్ వచ్చిందంటే అది లేదని నమ్మలేం. అందుకే ఊపిరి ఊదించి చూసే బ్రెత్ టెస్టుకైనా, మోషన్‌లో చూసే యాంటిజెన్ టెస్టుకైనా ఆ మాత్రలు 2 వారాల ముందు ఆపాలి, యాంటీబయాటిక్స్ అయితే కనీసం 4 వారాలు దాటాలి. ఈ బ్యాక్టీరియా కోసం మందుల కోర్సు వాడినవాళ్ళు అది పోయిందో లేదో తప్పకుండా చూపించుకోవాలి, మంట తగ్గింది కదా అని వదిలేయొద్దు. దానికి ఎండోస్కోపీయే అక్కర్లేదు, బ్రెత్ టెస్టు చాలు. రక్తంలో యాంటీబాడీ టెస్టు మాత్రం చేయించకండి, బ్యాక్టీరియా పోయాక కూడా అది చాలాకాలం పాజిటివ్‌గానే చూపిస్తుంది, అనవసరంగా టెన్షన్. ఇంకో మాట, ఆస్పిరిన్ వాడేవాళ్ళు, ఇదివరకు పుండు నుంచి రక్తం పోయినవాళ్ళు గ్యాస్ మాత్ర సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌ని అడిగే ఆపండి.

పుండు ఉందన్నారా, అయితే ఎక్కడుందో చూడండి. జీర్ణాశయంలో ఉంటే మానిందో లేదో, దాని వెనక క్యాన్సర్ ఏమైనా ఉందేమో తేల్చడానికి సాధారణంగా 8 నుంచి 12 వారాలకు మళ్ళీ ఎండోస్కోపీ చేస్తారు. ఇది వాయిదా వేయొద్దు. డుయోడినమ్‌లో (చిన్నపేగు మొదటి భాగం) ఉండి, బాధ తగ్గిపోతే మామూలుగా ఆ అవసరం రాదు. బయాప్సీ రిపోర్టు మీదే అనుమానం ఉంటే గొట్టం మళ్ళీ వేయించుకోనక్కర్లేదు. ల్యాబ్‌లో మీ బయాప్సీ ముక్కతో చేసిన స్లైడ్లు, మైనపు బ్లాకులు ఉంటాయి, అడిగి తీసుకుని ఇంకో పాథాలజిస్టుకు (వాటిని మైక్రోస్కోపులో చూసే డాక్టర్) చూపించవచ్చు. ఈ దారి ఉందని చాలామందికి తెలియదు.

లూజ్ మోషన్స్ సమస్య అయితే కొలనోస్కోపీ (మలద్వారం నుంచి కెమెరా గొట్టంతో పెద్దపేగు చూసే టెస్టు) రిపోర్టులో పేగు ఎంత శుభ్రంగా ఉందో, చిన్నపేగు చివరి భాగం వరకు వెళ్ళారో లేదో రాసి ఉంటుంది. సరిగా శుభ్రం కాలేదని రాస్తే మళ్ళీ చేయించడం న్యాయమే. ముఖ్యంగా మన దేశంలో పేగు టీబీ ఎక్కువగా కనిపించేది ఆ చివరి భాగం దగ్గరే. అంతా బాగా కనిపించి నార్మల్ అయితే ముందు మోషన్‌లో కాల్‌ప్రొటెక్టిన్ చేయించడం గురించి అడగండి, పేగులో వాపు ఉందో లేదో అది చాలావరకు చెప్తుంది. నొప్పి మాత్రలు వాడుతుంటే అది పెరిగి కనిపించవచ్చు, గుర్తుంచుకోండి. గోధుమ పడటం లేదని చపాతీలు మానేశాక సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు) రక్తపరీక్ష చేయిస్తే కూడా తప్పుగా నెగెటివ్ రావచ్చు.

అన్నీ సరిగ్గానే జరిగి, అన్నీ నార్మల్ అయితే మీ బాధ అబద్ధమని కాదు. ఎండోస్కోపీకి లోపలి పొర కనిపిస్తుంది, కడుపు కదలికలు, నరాల సున్నితత్వం కనిపించవు. ఫంక్షనల్ డిస్పెప్సియా (టెస్టుల్లో ఏమీ దొరకని కడుపుబ్బరం, మంట), ఐబీఎస్ (అలాగే దొరకని కడుపునొప్పి, విరేచనాల తేడా) లాంటివి అక్కడే ఉంటాయి, వాటికి వేరే మందులున్నాయి. కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు "ఇంకో టెస్టు రాయండి" అనకుండా, "ఇది ఫంక్షనల్ అయితే వైద్యం ఎలా, ఎన్ని వారాలు చూడాలి, తగ్గకపోతే అప్పుడు ఏ టెస్టు?" అని అడిగి, చెప్పింది ఫైలు మీదే రాయించుకోండి.