దసరాకు పంపకాలా? తెల్ల కాగితం జోలికి పోకండి

పోయిన నెల మా కాలనీలో ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకుని పోలీస్ స్టేషన్ దాకా వెళ్లారు. తమ్ముడి చేయి విరిగింది. గొడవ శంకర్‌పల్లి వైపున్న తండ్రి మూడెకరాల మీద. పదిహేనేళ్ల కింద పెద్దమనుషులు కూర్చుని, తెల్ల కాగితం మీద రాసి పంచిన భూమే అది. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ రేట్లు పెరిగాక, రోడ్డు వైపు ముక్క తనదేనని ఇద్దరూ అంటున్నారు.

దసరా వస్తోంది. బతుకమ్మకు ఆడబిడ్డలు పుట్టింటికి వస్తారు, రెండో రోజుకల్లా పంపకాల మాట లేస్తుంది. కోపాలు తగ్గించుకోండని నేను చెప్పక్కర్లేదు. నేను చూసిన ఇళ్లను ముంచింది ఒక్కటే: రిజిస్టర్ కాని పంపకం.

1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం భూమిని పంచే దస్తావేజు రిజిస్టర్ కావాలి. కాకపోతే ఆ కాగితం చూపించి కోర్టులో మీ వాటా నిరూపించుకోలేరు. వంద రూపాయల స్టాంపు పేపరైనా, నోటరీ చేయించినా అంతే. "సర్పంచే సాక్షి సంతకం పెట్టాడండీ" అంటారు. పెట్టనివ్వండి. తెలంగాణలో వ్యవసాయ భూమికి తహసీల్దారు ఆఫీసు, ఇంటికి, ప్లాటుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు. రిజిస్టర్ చేయించండి. పాసుబుక్కులో పేరున్నంత మాత్రాన భూమంతా అన్నదైపోదు, అది వేరే భ్రమ.

ఆడబిడ్డల సంగతి. హిందూ కుటుంబాల్లో 2005 సెప్టెంబర్ 9 నుంచి పిత్రార్జితంలో కూతురికీ కొడుకుతో సమాన హక్కు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండాల్సిన పని లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చామనే మాట నిలవదు. చెల్లెలు వాటా వద్దంటే సంతోషమే, కానీ ఆ మాట కూడా రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్‌గా, అంటే హక్కు వదులుకునే పత్రంగా, ఉండాలి. నోటి మాట ఆమె పిల్లల దాకా నిలవదు. తండ్రి స్వార్జితమైతే, వీలునామా లేకుండా పోతే, అమ్మకూ పిల్లలతో సమానంగా ఒక వాటా ఉంది. అమ్మను అడగడం చాలా ఇళ్లలో మర్చిపోతారు.

ఇక మిగతావి. కూర్చునే ముందే ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీయించండి, రిజిస్టరైన తాకట్లు బయటపడతాయి. సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. వెనక ముక్కకు బండి దారి ఎన్ని అడుగులో రాయించండి. బోరు ఎవరిదో కూడా. ఖాళీ స్టాంపు పేపరు మీద సంతకం వద్దు, అన్న అడిగినా సరే. అమెరికాలో ఉన్నవాళ్లు జీపీఏ (తమ తరఫున సంతకం పెట్టే అధికార పత్రం) పంపాల్సి వస్తే పంపకం వరకే, అమ్మే అధికారం వద్దు. వాటాలు తేలకముందు బిల్డర్ దగ్గర టోకెన్ తీసుకోవద్దు. కేసు పడ్డాక అమ్మితే కొన్నవాడూ తీర్పుకు కట్టుబడాలి, ఆ తర్వాత డబ్బు కోసం మీ గుమ్మంలోనే కూర్చుంటాడు. కేసు పడిపోయిందా, లోక్ అదాలత్‌లో రాజీ చూసుకోండి, అక్కడి అవార్డు కోర్టు డిక్రీతో సమానం, కోర్టు ఫీజూ తిరిగొస్తుంది. పండగ రోజు సంతకాలు వద్దు. మటన్, మందు అయ్యాక అసలే వద్దు.

బీరువాలో పాత తెల్ల కాగితం ఉందా? అందరూ ఇంకా మాట మీదే ఉన్నారా? ఈ వారమే స్లాట్ బుక్ చేసి, అదే పంపకాన్ని కొత్త దస్తావేజుగా రాయించి రిజిస్టర్ చేయించండి.