కాంటా పీసీ బిగుసుకుపోతోందా? డ్రైవర్‌లో లాక్ చూడండి

సమస్య: మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు వేబ్రిడ్జి. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో రోజుకోసారైనా స్క్రీన్ మీద బరువు ఉన్నచోటే ఆగిపోయేది. లారీ దిగిపోయినా అంకె మారదు, కాసేపటికి కీబోర్డ్ కూడా పలకదు. కరెంటు తీసి పెడితే మళ్లీ మామూలే. వెనక లారీలు రోడ్డు దాకా నిలబడి ఉంటే కాంటా దగ్గర కూర్చున్న అబ్బాయికి ఎంత టెన్షనో కళ్లారా చూశాను. కాంటా నుంచి బరువు అందుకునే సీరియల్ కార్డుకు లినక్స్ డ్రైవర్ (ఆ కార్డును నడిపించే ప్రోగ్రామ్) రాసింది నేనే.

ముందు కేబుల్ మార్చాను, పవర్ సప్లై మార్చాను. రెండు రోజులు వృథా. మీరు ఆ పని చేయకండి. ఎన్‌ఎంఐ వాచ్‌డాగ్ (ప్రాసెసర్ కోర్ బిగుసుకుపోతే పట్టేసే కాపలాదారు) ఆన్ చేసి, కెర్నల్ (లినక్స్ గుండెకాయ) మెసేజ్‌లు ఇంకో ల్యాప్‌టాప్‌కు వచ్చేలా పెట్టండి. ఈసారి ఆగిన పది సెకన్లకు ‘హార్డ్ లాకప్’ అని వచ్చింది. కింద ట్రేస్‌లో (ఆగినప్పుడు ఏ ఫంక్షన్‌లు నడుస్తున్నాయో చూపే జాబితా) పైన నా ఇంటరప్ట్ హ్యాండ్లర్ (కార్డు పిలవగానే నడుస్తున్న పనిని ఆపి నడిచే ఫంక్షన్), లాక్ కోసం తిరుగుతూ ఉంది. దాని కిందే నా రీడ్ ఫంక్షన్. రెండూ ఒకే కోర్ మీద!

కారణం: రీడ్ ఫంక్షన్ మామూలు స్పిన్_లాక్‌తో లాక్ పట్టుకుంది. (ఒకేసారి ఒకరే డేటా ముట్టుకునేలా చేసే తాళమిది; దొరకనివాళ్లు నిద్రపోకుండా అక్కడే తిరుగుతూ ఆగుతారు.) సరిగ్గా అప్పుడే అదే కోర్‌కు ఇంటరప్ట్ వచ్చింది. హ్యాండ్లర్‌కూ అదే లాక్ కావాలి. తాళంచెవి చేతిలో ఉన్న మనిషిని పక్కన కూర్చోబెట్టి, తలుపు తీసేదాకా కదలనని గడపలో నిలబడ్డట్టయింది. ఇంటరప్ట్ వేరే కోర్‌కు వస్తే ఏ గొడవా లేదు, కొద్దిసేపు ఆగి పని కానిస్తుంది. అందుకే ఈ బగ్ ఎప్పుడో ఒకసారి మాత్రమే కనిపిస్తుంది. రప్పించాలంటే ప్రొక్ ఇంటరప్ట్స్ ఫైల్‌లో మీ కార్డు ఏ కోర్‌కు వస్తోందో చూసి, టాస్క్‌సెట్‌తో ప్రోగ్రామ్‌ను ఆ కోర్‌కే కట్టేసి రీడ్‌ను ఆపకుండా తిప్పండి. నాకు నిమిషాల్లోనే దొరికింది.

పరిష్కారం: రీడ్ వైపు స్పిన్_లాక్_ఐఆర్‌క్యూసేవ్, విడిచేటప్పుడు ఐఆర్‌క్యూరిస్టోర్ వాడండి. లాక్ చేతిలో ఉన్నంతసేపూ ఆ కోర్‌కు ఇంటరప్ట్ రాదు. హ్యాండ్లర్‌లో, ఆ లాక్‌ను తీసుకునే ఇంటరప్ట్ అదొక్కటే అయితే, మామూలు స్పిన్_లాక్ చాలు. సేవ్ లేని ఉత్త ఐఆర్‌క్యూ రకం నాకు ఇష్టం లేదు. పిలిచినవాళ్లు ముందే ఇంటరప్ట్‌లు ఆపి ఉంటే అది విడిచేటప్పుడు వాటిని తెరిచేస్తుంది.

పని అక్కడితో అయిపోలేదు. ఆఫీసు పీసీలో ప్రూవ్ లాకింగ్, డీబగ్ అటామిక్ స్లీప్ అనే రెండు పరీక్షలు ఆన్ చేసి కెర్నల్ కట్టాను. ప్రూవ్ లాకింగ్ వెనకున్నది 2006లో కెర్నల్ 2.6.18తో వచ్చిన లాక్‌డెప్, లాక్‌ల వాడకాన్ని తనిఖీ చేసే పనిముట్టు. దానికి మెషీన్ నిజంగా ఆగనక్కర్లేదు. రెండు దారులూ ఒక్కోసారి నడిస్తే చాలు, తప్పు పట్టేస్తుంది. నెమ్మది చేస్తుంది కాబట్టి మిల్లులో పెట్టకండి. పాత డ్రైవర్‌కు ‘ఇన్‌కన్సిస్టెంట్ లాక్ స్టేట్’ అంది. కొత్తదానికి డీబగ్ అటామిక్ స్లీప్ ఇంకో తప్పు బయటపెట్టింది: లాక్ పట్టుకునే కాపీ_టు_యూజర్ (డేటాను ప్రోగ్రామ్ మెమరీలోకి పంపే ఫంక్షన్) పిలుస్తున్నాను. యూజర్ పేజీ మెమరీలో లేకపోతే అది నిద్రపోవచ్చు, స్పిన్‌లాక్‌తో నిద్ర కుదరదు. బరువును లాక్ లోపల లోకల్ బఫర్‌లోకి తీసుకుని, లాక్ విడిచాకే యూజర్‌కు కాపీ చేశాను.

అదే టాస్క్‌సెట్ పరీక్ష రాత్రంతా తిప్పి, లాగ్‌లో ఒక్క లైనూ రాలేదని చూసుకున్నాకే మిల్లుకు పంపాను.