పాత మేడ గోడలు – మూడో పాఠం: టీపకారం తీసి మళ్ళీ నింపడం

గత రెండు పాఠాల్లో గోడ జోలికి పోలేదు. మొదటి దాంట్లో చెమ్మ ఎక్కడినుంచి వస్తోందో వెతికాం. రెండో దాంట్లో ఆ నీళ్ళను ఆపాం: పగిలిన డ్రైనేజీ పైపు మార్చాం, పిట్టగోడ మీది పగుళ్ళు మూశాం, సజ్జా పక్కన మొలిచిన రావి మొక్కను వేళ్ళతో సహా తీశాం. ఆ పనులు ఇంకా పూర్తి కాకపోతే ఈ పాఠం చదువుకోండి గానీ ఉలి మాత్రం పట్టకండి. టీపకారం అంటే ఇటుకల మధ్య సందుల్ని మాలుతో, అంటే ఇసుక కలిపిన సున్నంతోనో సిమెంటుతోనో, నింపడం. నీళ్ళు దిగుతున్న గోడకు అది ఎంత బాగా చేసినా నిలవదు.

మన ఉదాహరణ మేడ గుర్తుంది కదా. సికింద్రాబాద్‌లో రెండంతస్తుల పాత కట్టడం, ఆరు పోర్షన్లు. స్తంభాలూ బీములూ లేవు, బరువంతా 18 అంగుళాల ఇటుక గోడలే మోస్తాయి. ఇవాళ దాని పడమటి గోడ దగ్గర నిలబడదాం. మోకాలి ఎత్తు నుంచి భుజం ఎత్తు దాకా ఒకప్పుడు ఎవరో సిమెంటుతో టీపకారం చేయించారు. ఆ సిమెంటు గీతలు చెక్కుచెదరలేదు. వాటి మధ్యనున్న ఇటుకలే అరిగి వేలి కణుపంత లోపలికి పోయాయి. తడిమితే ఎర్రటి పొడి రాలుతుంది, ఆ పొడిలో తెల్లగా ఉప్పు కనిపిస్తుంది. అక్కడికి రెండడుగుల పైన, ఎవరూ ముట్టుకోని చోట, సందుల్లోని సున్నం అర అంగుళం అరిగింది గానీ ఇటుకల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.

ఈ తేడా ఎందుకొచ్చిందో అర్థమైతే మిగతా పాఠమంతా సులువు. పాత గోడలో ఎప్పుడూ కొంత చెమ్మ ఉంటుంది. అది ఆరాలంటే బయటికి దారి కావాలి. సున్నం మాలులో సన్నటి రంధ్రాలు ఎక్కువ కాబట్టి చెమ్మ సందుల గుండా ఆరిపోతుంది, దాంతో వచ్చే ఉప్పు కూడా సందుల్లోనే పేరుకుంటుంది. సందుల్ని సిమెంటుతో మూసేస్తే చెమ్మకు ఇటుక తప్ప వేరే దారి ఉండదు. ఉప్పు ఇటుక పైపొర కింద గడ్డకట్టి, ఆ పొరను పెచ్చులుగా నెట్టేస్తుంది. చలి దేశాల్లో ఈ పని మంచు చేస్తుంది, మన దగ్గర ఉప్పూ ఎండా కలిసి చేస్తాయి. పడమటి గోడ మే నెల మధ్యాహ్నం కాలిపోయి తెల్లవారేసరికి చల్లారుతుంది. ఆ వేడికీ చల్లదనానికీ ఇటుకలు రవ్వంత సాగి ముడుచుకుంటాయి. సున్నం ఆ కదలికకు లొంగుతుంది. సిమెంటు లొంగదు, ఇటుక అంచు విరుగుతుంది.

అందుకే ఈ పనిలో నేను దేనికీ సడలించని నియమం ఒకటుంది: మాలు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. మాలు అరిగితే గీకి మళ్ళీ నింపుకోవచ్చు. ఇటుక ముఖం పోతే తిరిగి రాదు. గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధుల మరమ్మతు 2013లో మొదలైనప్పుడు, అంతకుముందు శతాబ్దంలో పూసిన సిమెంటును తీసేసి సున్నం వేయడం అక్కడి ముఖ్యమైన పనుల్లో ఒకటైంది. అంత పెద్ద కట్టడానికి వర్తించిందే మన పోర్షన్ల మేడకూ వర్తిస్తుంది.

మీ మేడ సున్నంతో కట్టిందా, సిమెంటుతోనా? కట్టిన సంవత్సరాన్ని బట్టి తేల్చకండి. మన దేశంలో సిమెంటు తయారీ నిలదొక్కుకున్నది 1914లో పోర్‌బందర్‌లో ఫ్యాక్టరీ పెట్టాకే. ఆ తర్వాత కూడా చాలాకాలం డంగు సున్నంతో, అంటే గానుగలో నూరిన సున్నంతో, మేడలు కట్టారు. ఒక మేకు తీసుకుని సందులో గీకండి. సున్నమైతే పొడిపొడిగా రాలుతుంది. రంగు పాల తెలుపో, సుర్కీ (దంచిన ఇటుక పొడి) కలిపి ఉంటే లేత గులాబీయో ఉంటుంది. మధ్యమధ్య సరిగా కలవని తెల్లటి సున్నపు గింజలు కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. సిమెంటైతే బూడిద రంగులో ఉండి మేకుకు గీత తప్ప ఏమీ ఇవ్వదు. మూడు నాలుగు ఎత్తుల్లో గీకి చూడండి, ఎందుకంటే కింది భాగానికి మధ్యలో ఎవరో ఒకరు మరమ్మతు చేసే ఉంటారు. గోడ లోపల కూడా మొదటినుంచీ సిమెంటే ఉంటే ఈ పాఠంలోని మాలు మీకు సరిపడదు.

ఇక సరుకులు. బజారులో సున్నం పేరుతో అమ్మేదంతా సున్నం కాదు. వెల్ల వేయడానికి అమ్మే పొడుల్లో కొన్ని ఉత్త సుద్ద, అవి గట్టిపడవు. కాల్చిన సున్నపు గడ్డలు దొరికితే అవే తెచ్చుకోండి. ఒక చిన్న గడ్డ మీద నీళ్ళు చల్లితే చుయ్‌మని వేడెక్కి పగలాలి, అలా పగిలితేనే అది తాజాది. సంచిలో వచ్చే హైడ్రేటెడ్ లైమ్ కూడా పనికొస్తుంది. తయారైన తేదీ చూసుకుని, నీళ్ళలో కనీసం ఒక రోజు, వీలైతే వారం నాననివ్వండి. కొనేటప్పుడు ఐఎస్ 712 ముద్ర అడగండి. భవన నిర్మాణ సున్నాన్ని తరగతులుగా విడగొట్టిన భారతీయ ప్రమాణం అది. అందులో 'సి' తరగతి అంటే కొవ్వు సున్నం (ఫ్యాట్ లైమ్), గాలి తగిలి గట్టిపడే రకం. మనం వాడబోయేది అదే.

గడ్డలు తడిపేటప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ముందు ఇనుప డ్రమ్ములో నీళ్ళు పోసి, తర్వాత గడ్డలు కొంచెం కొంచెంగా వేయాలి. గడ్డల మీద నీళ్ళు గుమ్మరిస్తే సలసలా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి ఆగదు. కళ్ళద్దాలు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా తప్పనిసరి. పిల్లల్ని ఆ చాయలకు రానివ్వకండి. కంట్లో పడితే కనీసం పావుగంట సేపు మంచినీళ్ళు ధారగా పోసి కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మరగడం ఆగాక జల్లెడ పట్టి, పైన రెండంగుళాల నీళ్ళు నిలిచేలా ఉంచి మూత పెట్టండి. ఒక నెల నానితే తాపీకి అంటుకుని జారే మెత్తటి ముద్ద అవుతుంది. ఎన్ని నెలలు నానితే అంత మంచిది.

ఇసుక విషయంలో జనం తొందరపడతారు, నిజానికి టీపకారం బలం సగం ఇసుకలోనే ఉంది. అరచేతిలో వేసి నలిపితే గరగరలాడాలి. సముద్రపు ఇసుక వద్దే వద్దు, ఉప్పును మన చేతులతో మనమే గోడలో పెట్టినట్టవుతుంది. గాజు సీసాలో సగం ఇసుక, మిగతా నీళ్ళు పోసి కుదిపి రాత్రంతా కదపకుండా ఉంచండి. పైన తేరిన మన్ను పొర ఇసుక మందంలో పన్నెండో వంతుకు మించితే ఆ ఇసుకను కడిగి వాడాలి.

ఇప్పుడు ఇంట్లోనే చేయగల చిన్న పరీక్ష ఒకటి చేయండి. బాగా ఎండిన ఇసుకను గ్లాసు నిండా పోసి తట్టి సమం చేయండి. అలాంటిదే మరో గ్లాసు నిండా నీళ్ళు తీసుకుని, ఇసుక పైదాకా తడి ఎక్కే వరకు మెల్లగా పోయండి. సుమారు మూడో వంతు నీళ్ళు పడతాయి. ఇసుక రేణువుల మధ్య అంత ఖాళీ ఉందన్నమాట. ఆ ఖాళీని నింపడానికే సున్నం. ఒక పాలు సున్నం ముద్దకు మూడు పాళ్ళ ఇసుక అని పెద్ద మేస్త్రీలు చెప్పే లెక్క ఇందులోంచి వచ్చిందే. మీ ఇసుకకు నీళ్ళు ఎక్కువ పడితే సున్నం కూడా కొంచెం ఎక్కువ పడుతుంది.

పై అంతస్తుకు ఆ 1:3 చాలు. కింద, నేలకు దగ్గరగా, ఎప్పుడూ చెమ్మగా ఉండే చోట మాత్రం ఒక పాలు సున్నం, ఒక పాలు సుర్కీ, రెండు పాళ్ళ ఇసుక కలుపుతాను. కొవ్వు సున్నం గాలి తగిలితేనే గట్టిపడుతుంది, సుర్కీ తోడైతే తడిలో కూడా పట్టు వస్తుంది. సుర్కీకి బాగా కాలి నల్లబడిన ఇటుకలు పనికిరావు, తక్కువ కాలిన ఇటుకలనే మెత్తగా దంచి జల్లించాలి. మాలులో బెల్లం నీళ్ళు, కరక్కాయ కషాయం కలిపే సంగతి చాలామంది అడుగుతారు. పైపూతకు అవి మంచివే, టీపకారానికి అక్కర్లేదు. బెల్లం ఎక్కువైతే మాలు గట్టిపడటం ఆలస్యమవుతుంది కూడా.

పాత మాలు తీయడం ఓపిక పని. సందు వెడల్పుకు రెండున్నర రెట్లు లోతు తీయాలి. మన మేడలో సందులు దాదాపు 12 మిల్లీమీటర్లు, అంటే 30 మిల్లీమీటర్ల లోతు. సందు కంటే సన్నటి ఉలితో, చిన్న సుత్తితో, మాలు మధ్యలో కొడుతూ అంచులకు రావాలి. గుంత అడుగు చదరంగా ఉండాలి. కోసుగా వదిలేస్తే కొత్త మాలుకు పట్టు దొరకదు. గ్రైండర్ మిషన్ వాడతామని కూలీలు అంటారు. నిలువు సందుల్లో అది పై ఇటుకనూ కింది ఇటుకనూ కోసేస్తుంది, ఆ కోత ఎప్పటికీ మాయదు. గట్టిగా ఉండి ఊడిరాని సున్నాన్ని అలాగే వదిలేయండి, అది తన పని చేస్తూనే ఉంది. పాత సిమెంటు ఇటుకను పట్టుకుని రాకపోతే దాన్ని కూడా ప్రస్తుతానికి ఉండనివ్వండి.

గోడ మొత్తం ఒకేసారి గీకకూడదు. ఒక మీటరు తీసి, నింపి, అది గట్టిపడ్డాక పక్కకు జరగండి. కిటికీ పైన కమాను ఉంటే అక్కడ ఒక్కో సందే తీయాలి. ఇటుకలనే చీల్చుకుంటూ పోయే పగులు ఉన్నా, గోడ ఉబ్బెత్తుగా ఉన్నా పని ఆపి స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి. అలాంటిది టీపకారంతో పోయే జబ్బు కాదు.

గీకిన సందును పాత టూత్‌బ్రష్‌తో పొడి లేకుండా దులిపి, పైనుంచి కిందికి నీళ్ళు చల్లండి. గంట ఆగి మళ్ళీ చల్లండి. ఇటుక తడిగా ఉండాలి గానీ పైన నీళ్ళు మెరవకూడదు. ఎండిన ఇటుక మాలులోని నీళ్ళు పీల్చేస్తుంది, అలా పీల్చిన మాలు పొడై రాలుతుంది. మాలును బాండ్లీలో వేసి కర్రతో బాగా దంచి కలపండి. నీళ్ళు పోయాలనిపిస్తుంది, పోయకండి, దంచే కొద్దీ ముద్ద దానంతటదే మెత్తబడుతుంది. బంతిగా చుడితే చేతికి పెద్దగా అంటుకోకుండా నిలవాలి.

నింపడం పైనుంచి మొదలుపెట్టి కిందికి దిగాలి. ముందు నిలువు సందులు, తర్వాత అడ్డ సందులు. సందు కంటే సన్నటి ఇనుప పట్టీతో లోపలికి నొక్కాలి, పైన పూసి వదిలేయకూడదు. ఒక్కో పొర 10 మిల్లీమీటర్లకు మించకూడదు. బొటనవేలితో నొక్కితే గుర్తు పడీపడనట్టు ఉన్నప్పుడు రెండో పొర వేయాలి. చివరి పొర ఇటుక ముఖం కంటే నూలుపోగంత లోపలే ఆగాలి. అరిగిన ఇటుకల మీదికి మాలు పాకిస్తే సందు వెడల్పుగా కనిపించి గోడ అందమంతా పోతుంది, పల్చటి అంచు త్వరగా ఊడుతుంది కూడా. కాస్త బిగిశాక గరుకు బ్రష్ చివరతో తడుతూ పోండి. పైన తేరిన నున్నటి పొర పోయి ఇసుక రేణువులు బయటపడతాయి, చెమ్మ బయటికి రావడానికి ఆ గరుకుతనమే దారి ఇస్తుంది.

ఆ రోజు నుంచి పది రోజులు తడి గోనెపట్టాలు వేలాడదీసి ఉంచాలి. పట్టా గోడకు అతుక్కోకుండా నాలుగు వేళ్ళ ఎడం ఉండనివ్వండి, సున్నానికి తడీ గాలీ రెండూ కావాలి. పైపు పెట్టి జోరుగా కొట్టకండి, తుంపరగా చల్లండి. ఈ పనికి దసరా నుంచి శివరాత్రి దాకా మంచి కాలం. ఎండలు ముదిరాక పడమటి గోడ ముట్టుకోవద్దు.

పని మేస్త్రీ చేత చేయిస్తుంటే ఈ మాట తప్పక వస్తుంది: "సున్నం ఎప్పటికి గట్టిపడుద్ది సార్? కాస్త సిమెంటు తగిలిస్తే రేపటికల్లా రాయిలా ఉంటది." ఆయన మీ మేలు కోరే అంటాడు, ఆయన నేర్చుకున్న పని అలాంటిది. "గట్టిగా ఉండటమే మనకు వద్దు మేస్త్రీ గారూ" అని చెప్పి, పడమటి గోడలో అరిగిన ఇటుకలు చేత్తో తడిమి చూడమనండి. నేను మాటలతో ఒప్పించలేనిది ఆ గోడ ఒప్పించింది. కూలి మాత్రం చదరపు అడుగుకు కాకుండా రోజుకు ఇంతని మాట్లాడుకోండి. అడుగు లెక్కన ఇస్తే లోతు గీకేవాళ్ళు ఉండరు.

వచ్చే పాఠంలోగా చేయాల్సినవి: సున్నం ఇవాళే నానబెట్టండి. గ్లాసు పరీక్ష చేసి మీ ఇసుకకు ఎంత నీళ్ళు పట్టాయో రాసుకోండి. ఎవరికీ కనబడని మూలన ఒక చదరపు మీటరు గీకి, నింపి, ఎండిన రంగు పాతదానితో కలిసిందో లేదో చూడండి. తడిలో చూసిన రంగును నమ్మొద్దు. నాలుగో పాఠంలో ముఖం పోయిన ఇటుకను పక్కవి కదలకుండా బయటికి తీసి కొత్తది కూర్చుతాం. దానికి పాత కొలత ఇటుకలు కావాలి. ఇప్పటి బట్టీ ఇటుక వరసలో ఇమడకపోవచ్చు. కాబట్టి మీ గోడలో ఒక ఇటుక పొడవు, వెడల్పు, మందం కొలుచుకుని, మీ పేటలో పాత ఇళ్ళు ఎక్కడ కూల్చుతున్నారో కనుక్కోండి.