హాల్లో అక్వేరియం పెట్టే ముందు బకెట్ గురించి ఆలోచించండి

ఇంటీరియర్ చేయించేటప్పుడు ఫొటోలు చూసి టెంప్ట్ అయిపోయి టీవీ యూనిట్లోనే అక్వేరియంకి ఒక అర కొట్టించాం. తీరా ట్యాంక్ పెట్టాక పైన నాలుగు అంగుళాల సందే మిగిలింది, చెయ్యి మోచేతి దాకా కూడా పోదు, ఇంక లోపల గాజు తుడిచేదెట్లా? దానికి తోడు ఆ వానాకాలానికే పార్టికల్ బోర్డ్ తడి పీల్చి అప్పడంలా ఉబ్బింది. అందుకే చెప్తున్నా, ట్యాంక్ పైన కనీసం అడుగు ఖాళీ వదలండి.

బరువు లెక్క ఈజీనే. పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో గుణించి దాన్ని మళ్లీ 28తో గుణిస్తే లీటర్లు వస్తాయి. 3 అడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు అంటే 190 లీటర్ల దాకా, గాజు, గులకరాళ్లు, స్టాండ్ కలిపితే పావు టన్ను, అంటే నలుగురు మనుషులు రాత్రింబవళ్లు ఒకేచోట నిలబడ్డట్టు. కాబట్టి గది మధ్యలో పార్టిషన్‌లా వద్దు, గోడవారగా పెట్టండి, బిల్డింగ్ పాతదైతే ఒకసారి ఇంజనీర్‌ని అడగండి. నేనైతే వెల్డర్ దగ్గర స్క్వేర్ పైపుతో రెండున్నర అడుగుల స్టాండ్ చేయించి, దానికి టీవీ యూనిట్ రంగు లామినేట్ డోర్లు పెట్టించా, సోఫాలో కూర్చుంటే చేపలు కరెక్ట్‌గా కళ్లెదురుగా ఉంటాయి, ఫిల్టరూ వైర్లూ లోపల దాక్కుంటాయి. ట్యాంక్ కింద థర్మోకోల్ షీట్ మర్చిపోవద్దు. వైర్లు ప్లగ్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకెళ్లేలా వదలండి, నీళ్లు కారినా సాకెట్లోకి పోవు.

మా అత్తయ్య ఈశాన్యం అంది. మాకు అక్కడ బాల్కనీ డోరు, పొద్దున్నే ఎండ నేరుగా పడుతుంది, నెల తిరక్కుండా గాజంతా పచ్చగా నాచు పట్టేస్తుంది. ఉత్తరం గోడకి రాజీ పడ్డాం.

అసలు సంగతి బకెట్. వారానికి పావు వంతు నీళ్లు మార్చాలి, మా ట్యాంక్‌కైతే మూడు బకెట్లు. ట్యాంక్ నుంచి బాల్కనీకి ఎన్ని అడుగులో లెక్కేస్కోండి, బెడ్రూమ్ దాటి వెళ్లాలంటే రెండో నెల్లోనే బద్ధకం వచ్చేస్తుంది. తీసిన నీళ్లు కరివేపాకు మొక్కకి పోయండి, దానికి మంచి ఎరువు.

చూడ్డానికి బాగుండాలంటే వెనక పగడాల పోస్టర్ అస్సలు వద్దు, మ్యాట్ బ్లాక్ షీట్ అంటించండి, చేపల రంగు ఒక్కసారిగా పైకొస్తుంది. టీవీ ఎదురుగా పెడితే సీరియల్ మొత్తం గాజులోనే కనిపిస్తుంది, జాగ్రత్త. లైటు రోజుకి 7, 8 గంటలు చాలు, టైమర్ పెట్టేయండి.

గృహప్రవేశం రోజుకే చేపలు తేవద్దు. చేపల వ్యర్థాల్ని శుభ్రం చేసే బాక్టీరియా ఫిల్టర్లో పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మున్సిపల్ నీళ్లయితే క్లోరిన్ పోయే మందు వెయ్యాల్సిందే. మాలా బోర్ నీళ్లు ఉప్పగా ఉండేవాళ్లకి గప్పీలు, మోలీలు బెస్ట్, ఆ నీళ్లలో హాయిగా బతుకుతాయి. గప్పీలు ఆడా మగా కలిపి తెచ్చారో, రెండు నెలల్లో పక్కింటోళ్లకి పంచే పని పడుద్ది. మగవి మాత్రమే తెచ్చుకోండి, రంగులూ వాటికే ఎక్కువ.